నిమ్మచెట్టుకు పూచీ

“ఇవాళ దీన్ని మొదలంటా నరికితే గాని చద్దన్నం ముట్టను!”

“అయ్యయ్యో, అంత మాట అనకండి. ఏదో పసిది. ఇంకొక్క ఏడు చూడండి.”

“ఆరేళ్లు చూశాను. పువ్వు లేదు, పిందె లేదు. ముళ్లు మాత్రం దబ్బనాల్లా పెంచింది. దీన్నెందుకు మేపాలంట?”

“ఈ ఏడు తప్పకుండా కాస్తుందండీ. నా మాట వినండి!”

గొడ్డలి ఎత్తి పట్టుకున్నది మా మామగారు. చేతులు అడ్డం పెట్టింది మా అత్తగారు. ఏలూరులో మా పెరట్లోని నిమ్మచెట్టు గురించి తగువు. ఇద్దరూ అంతలా గొంతు పెంచింది ఒకరి మీద ఒకరు కాదు, చెట్టుకు వినబడాలని. ఆ రోజుల్లో కాయని చెట్టుకు మాకు తెలిసిన వైద్యం అదొక్కటే. ఒకరు నరుకుతానని మీద పడాలి, ఇంకొకరు వద్దని బతిమాలాలి, చెట్టు హడలిపోయి ఆ ఏడు కాయాలి. స్వరాజ్యం రావడానికి ఇంకా పదేళ్లుందనుకుంటాను. నాకు పదహారేళ్లు, కాపరానికి వచ్చి ఏడాది. మూడో తరగతి చదివాను కనుక నాకు తెలియనిది లోకంలో లేదని నా నమ్మకం.

ఆ నాటకంలో నాకూ ఒక మాట ఉంది. “మామగారు చివర్లో నిన్నడుగుతారు. ‘వద్దండీ, ఉంచండి’ అను. అంతే. ఇంకేం మాట్లాడకు” అని అత్తగారు ముందురోజే రెండుసార్లు అప్పజెప్పించుకున్నారు. ఆ మొక్క ఆవిడ పుట్టిల్లు పెంటపాడు నుంచి తడిగుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నది. ఇచ్చిన తల్లి ఆ ఏడే పోయింది. మామగారికేమో దాన్ని కొట్టేసి ఆ జాగాలో గేదెను కట్టుకోవాలని ఎప్పటినుంచో ఉంది (ఈ సంగతి నాకు తెలియదు, తెలిస్తే నోరు కుట్టేసుకుందును). ఆయన నావైపు తిరిగి, “ఏమ్మా, నువ్వు చెప్పు. కొట్టెయ్యనా, ఉంచనా?” అన్నారు. చెప్పాల్సిన మాట నాలుక చివర సిద్ధంగానే ఉంది. కానీ ఆ పొద్దున్నే వీధిలో పుల్లల మోపు ఆవిడతో అరగంట బేరమాడి, తడిపుల్లలు అంటగట్టిందని మండిపోతూ లోపలికి వచ్చాను. ఆ బలమైన మొదలు, ఆ కొమ్మలు చూస్తే కళ్లముందు పొయ్యి తప్ప ఇంకేమీ కనబడలేదు. “కొట్టేస్తే నెల్లాళ్లు వంట చెరుకుకి చూసుకోనక్కర్లేదండీ” అన్నాను.

చెట్టు హడలిందో లేదో గాని అత్తగారి మొహం పాలిపోయింది. “కోడలు కూడా అనేసింది, ఇక నాదేం లేదు” అంటూ మామగారు గొడ్డలి దించారు. నిజంగానే దించారు! మొదట్లో వేలెడు లోతు గాటు పడింది. అత్తగారు పరుగున వెళ్లి చెట్టును కావలించుకున్నారు. ముళ్లు గీరుకుని మోచేతులు ఎర్రబడ్డా వదలలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండును, తిట్లు నాకు అలవాటే.

అప్పుడు గోడ అవతల నుంచి, “ఆగండి అన్నయ్యగారూ, ఆగండి!” అని కేక వినబడింది. పక్కింటి తివాచీల పిన్నిగారు. వాళ్లాయనా, బావగారూ మగ్గం మీద తివాచీలు నేసేవారు, అందుకని మాకావిడ తివాచీల పిన్ని. ఆవిడ పెరట్లో నిమ్మచెట్టు కాయల బరువుకి వంగి మా గోడ మీద వాలేది. అటు చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. పిన్నిగారు వచ్చి చెట్టు మొదట్లో మట్టి గిల్లి, పిండి చూసి, “అమ్మాయ్, దీనికి రోజూ ఏం పోస్తున్నావ్?” అన్నారు.

నాకు గర్వంగానే ఉంది. మాది కొల్లేటి అంచు పల్లె. చుట్టూ అంత కొల్లేరున్నా ఎండాకాలం తాగే నీళ్లు దోనె మీద తెచ్చుకునేవాళ్లం. చుక్క నేల పాలు కానిచ్చేదాన్ని కాదు. “ఇంటిల్లిపాదీ స్నానాల నీళ్లు, బియ్యం కడుగు, గిన్నెల నీళ్లు, వచ్చినవాళ్లు కాళ్లు కడుక్కున్న నీళ్లు. అంతకుముందు అత్తయ్యగారు రోజుకో బిందె పోసేవారండీ. నేనొచ్చాక ఐదు బిందెలు! పేడ కూడా వారానికో తట్ట” అన్నాను.

పిన్నిగారు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వారు. “పెళ్లివారిని మేపినట్టు మేపుతున్నావే తల్లీ! కడుపు నిండి పడుకున్నది ఇంక పిల్లల్నేం కంటుంది? దాహం వేయనియ్యి. వేళ్లకి కాస్త ఎండ తగలనియ్యి. పదిహేను రోజులు ఎండగట్టి, అప్పుడు ఇంత బూడిద, ఇంత చివికిన పేడ, రంగు వెయ్యని ఉన్ని తుక్కు వేసి నీళ్లు పెట్టు. మా గుండుగొలనులో తోట తాతయ్య దగ్గర నేర్చుకున్నా నేను. ఉన్ని తుక్కు నేనిస్తాను, పేడ మీరివ్వండి” అన్నారు. ఆపైన మామగారి వైపు తిరిగి, “ఉగాదికి పిందె కనబడకపోతే మీ గేదెను నేనే తెచ్చి కడతానన్నయ్యగారూ. దీనికి నేను పూచీ” అన్నారు. కోడలు చెప్పాల్సిన మాట పొరుగావిడ చెప్పింది. మామగారు గొడ్డలి గోడకి ఆనించి చద్దన్నానికి వెళ్లారు.

ఉగాదికి చెట్టు నిండా పూత, ఆకు చాటున శనగగింజలంత పిందెలు. పనికొచ్చేదేదీ పారెయ్యకూడదని ఇప్పటికీ మనవరాళ్లను సాధిస్తూనే ఉంటాను. పెట్టిందల్లా మేలు చెయ్యదని మాత్రం వాళ్లకు చెప్పను. చెబితే నా మాట ఎవరు వింటారు?

ఆ గొడ్డలి తగువు జరిగిన మర్నాడు పొద్దున్న అత్తగారు గాటుకి పేడా బంకమట్టీ మెత్తి గుడ్డ చుట్టారు. పిన్నిగారు గునపంతో, నేను చేతులతో వేళ్ల చుట్టూ మట్టి తీశాం. ఈలోగా మామగారి స్నానం అయింది. నీళ్లు బిందెకెత్తుకుని పెరట్లో చాలాసేపు నిలబడ్డాను. “ఇంకా చూస్తావేమే?” అన్నారు అత్తగారు, నిన్నటి నుంచి నాతో అన్న మొదటి మాట. వీధి వాకిట్లోకి వెళ్లి, అటూ ఇటూ ఎవరూ చూడటం లేదని చూసుకుని, బిందెడు నీళ్లూ కాలవలో పారబోశాను.