కాళ్లు కడిగే కార్యక్రమం

బాలమ్మను మా స్కూలు పనిలోంచి తీసేసింది. క్రమశిక్షణ లేదట. ఆమె గురించి ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను. అన్నీ మంచి మాటలే రాస్తానని మాత్రం మాటివ్వను. బాలమ్మ నోరు మంచిది కాదు, నాదీ కాదు. నన్నింకా తీసెయ్యలేదంటే ఏడాది మధ్యలో తెలుగు టీచర్ దొరకడం కష్టమని, అంతే.

మాది సెయింట్ బ్లాండినా హైస్కూలు. సిస్టర్లు నడుపుతారు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అద్దాల మేడల వెనక ఉంటుంది. బాలమ్మ అక్కడ బస్సు ఆయా. పుట్టింది నానక్‌రామ్‌గూడ పాత ఊళ్లో. మొగుడు ఓదెలు గుట్టల మీద రాళ్లు కొట్టేవాడు. గుట్టలు పోయి మేడలొచ్చాయి, ఆయనా పోయాడు. ఆమెకు ఒక గది మిగిలింది. ఆ గది కిటికీకి అడ్డంగా ఏదో కంపెనీ పార్కింగ్ గోడ లేచింది. "పొద్దెప్పుడు పొడుస్తదో ఫోను చూస్తెనే ఎరుకైతది టీచరమ్మా" అనేది.

బస్సులో పిల్లలు వాంతి చేసుకుంటే శుభ్రం చేసేది, బూట్ల లేసులు కట్టేది, రాయదుర్గం దగ్గర అడ్డొచ్చిన కార్లవాళ్లను కిటికీలోంచి తల బయటపెట్టి తిట్టేది. పిల్లలు ఆ తిట్లు నేర్చుకుని ఇంట్లో అప్పజెప్పేవారు. నా పాఠం ఏనాడూ అంత బాగా అప్పజెప్పలేదు. కంప్లయింట్లు వచ్చేవి. బాలమ్మ లెక్కచేసేది కాదు.

ఆ మనిషికి ఒకటే కోరిక ఉండేది. బాలమ్మది కతోలిక్ కుటుంబం. గుడ్‌ఫ్రైడే ముందురోజు, పవిత్ర గురువారం సాయంత్రం, చర్చి పూజలో ఫాదర్ పన్నెండుమందిని కూర్చోబెట్టి వాళ్ల కాళ్లు కడుగుతాడు. ఏసుప్రభువు శిష్యుల కాళ్లు కడిగిన దానికి గుర్తుగా చేస్తారు. ఆ పన్నెండుమందిలో ఒక్కసారి తను కూర్చోవాలి. పూర్వం మగవాళ్లనే కూర్చోబెట్టేవారు. ఆడవాళ్లకూ చోటిచ్చాక డాక్టరమ్మ కూర్చుంది, బ్యాంకు మేనేజరమ్మ కూర్చుంది. బాలమ్మ అడిగినప్పుడల్లా ఫాదర్ "వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు. శిష్యులు చేపలు పట్టుకునే పేదవాళ్లని ప్రసంగంలో చెప్పేదీ ఆయనే. కుర్చీలు వేసేటప్పుడు మాత్రం ఆ సంగతి గుర్తుకు రాదు.

ఇంతలో మా స్కూల్లో గ్లోబల్ సిటిజన్‌షిప్ ప్రోగ్రామ్ అని ఒకటి మొదలైంది. పోర్చుగల్‌లో ఒక కతోలిక్ బడితో జత కట్టారు. మా పిల్లలు ప్రపంచ పౌరులు కావాలట. పక్క ఫ్లాటువాళ్ల పేరు తెలియదు వీళ్లకి! గోడ మీద భూగోళం బొమ్మ వేయించారు, టీషర్టులు కుట్టించారు. గుడ్‌ఫ్రైడే ముందరి ఉపవాసాల తపస్సుకాలం వచ్చేసరికి ప్రిన్సిపాల్ సిస్టర్ లూర్దుమేరీకి ఒక ఆలోచన తట్టింది. తొమ్మిదో తరగతి పిల్లలు పన్నెండుమంది మా ఆయాలు, డ్రైవర్లు, వాచ్‌మెన్ల కాళ్లు కడగాలి. పోర్చుగల్ వాళ్లు దాన్ని లైవ్‌లో చూడాలి. సిస్టర్ ఆలోచనల్లో నాకు నచ్చింది ఇదొక్కటే.

బాలమ్మ కాళ్లు కడగాల్సింది తేజస్విని. ఎల్‌కేజీ నుంచి ఆమె బస్సులోనే పెరిగిన పిల్ల. ఆ మాట వినగానే బాలమ్మ స్టాఫ్‌రూం గుమ్మంలో కూలబడి ఏడ్చింది. సాయంత్రానికల్లా నానక్‌రామ్‌గూడలో ఈ సంగతి తెలియని ఇల్లు లేదు. షేర్ ఆటోవాళ్లకు కూడా చెప్పింది. ఫాదర్‌కు ప్రత్యేకంగా వెళ్లి మరీ చెప్పింది. ఆదివారమంతా రాయితో మడమలు తోముకుంది. "పగుళ్లు పోతలేవు టీచరమ్మా, ఆ పిల్ల చేతులకు గుచ్చుకుంటయేమో" అని బెంగ పెట్టుకుంది.

తేజస్విని తండ్రి రంగనాథ్ కడప నుంచి వచ్చి, కోకాపేటలో స్థలాలమ్మి పైకొచ్చిన మనిషి. పేరెంట్స్ కమిటీలో ఆయన మాటే మాట. నేనేదో సంతకం కోసం ప్రిన్సిపాల్ గదిలో ఉండగా వచ్చి కూర్చున్నాడు.

"ఏం సిస్టర్, మా పాపతో ఆయా కాళ్లు కడిగిస్తారంట?"

"సేవాభావం కోసమండి..."

"సేవ కావాలంటే చీరలు పంచుదాం, నేను కొనిస్తా. కాళ్లు ముట్టుకునేదేంది? మా పాప కాళ్లు పట్టుకోవాలంటే అమ్మానాయనవి పట్టుకోవాల. అంతే."

సిస్టర్ గట్టిగా నిలబడుతుందేమోనని ఆమె మొహం చూశాను. ఆమె గ్లాసెత్తి నీళ్లు తాగింది. "పోనీ తల్లిదండ్రుల కాళ్లే కడిగిద్దామా?" అంది.

"అదీ పద్ధతి! కడిగిన నీళ్లు తలమీద చల్లుకునేది కూడా పెట్టండి."

నాకు ఒళ్లు మండిపోయింది. ప్రపంచ పౌరసత్వం చివరికి మమ్మీడాడీల పాదపూజ అయింది. పోస్టర్ మీద "సాటివారికి సేవ" అన్న పేరు మాత్రం అలాగే ఉంచారు. మైకులో తెలుగు వ్యాఖ్యానం చదివే పని నా నెత్తిన పెట్టారు. బాలమ్మకు కూడా నన్నే చెప్పమంటే, ఆశపెట్టింది మీరు, మీరే చెప్పండి అన్నాను. సిస్టర్ చెప్పలేదు. కార్యక్రమం రోజు పొద్దున బాలమ్మ ఇస్త్రీ చీరలో బస్సు దిగుతుంటే సూపర్‌వైజర్ భాస్కర్ ఎదురొచ్చి చెప్పాడు.

"నీ కాళ్ల ప్రోగ్రాం క్యాన్సిల్ అయింది. పేరెంట్స్‌వి కడుగుతరట. నువ్వు జర వేడినీళ్లు మొయ్యాలె."

బాలమ్మ తిట్టలేదు. నాకు భయమేసింది.

మధ్యాహ్నం హాల్లో పన్నెండు కుర్చీలు వేసి, వాటి ముందు పన్నెండు ఇత్తడి తాంబాళాలు పెట్టారు. పెద్ద తెర మీద పోర్చుగల్ పిల్లలు చేతులూపుతున్నారు. పదకొండు కుర్చీల్లో పెద్దలు బట్టలు పైకి మడిచి కూర్చున్నారు. రంగనాథ్ ఇంకా రాలేదు. తేజస్విని చెంబు పట్టుకుని ఖాళీ కుర్చీ ముందు మోకాళ్ల మీద ఉంది. బాలమ్మ బకెట్ తెచ్చి అక్కడ దించింది. చెప్పులు విడిచి, ఆ కుర్చీలో కూర్చుని, తాంబాళంలో కాళ్లు పెట్టింది.

"కడుగు తేజూ."

పిల్ల మొహం ఎర్రబడింది. "ఆయమ్మా, ప్లీజ్ లే. అది డాడీ చెయిర్."

"ఎరుకే. కడుగు బిడ్డా."

తేజస్విని కదల్లేదు. సిస్టర్ దూరం నుంచి లెమ్మని సైగ చేస్తోంది.  బాలమ్మ పిల్ల చేతిలోంచి చెంబు తీసుకుని, తన కాళ్లు తనే కడుక్కుంది. తొందరేమీ పడలేదు. ఒక కాలు కడిగి రెండోది కడిగింది, మడమలు రుద్దుకుంది, వేళ్ల సందులు కూడా వదల్లేదు. ఇదీ కార్యక్రమమే అనుకుని పోర్చుగల్ పిల్లలు చప్పట్లు కొట్టారు. కెమెరా ముందు సిస్టర్ నవ్వక తప్పలేదు.

తెల్ల తువ్వాలుతో తుడుచుకుని బాలమ్మ లేచింది. "ఫాదరు కూసోబెట్టలే, సిస్టర్లు కూసోబెట్టలే. నేనే కూసున్న" అని గుమ్మం వైపు నడిచింది.

ఆమెను దాటుకుంటూ రంగనాథ్ పరిగెత్తుకొచ్చాడు. "సారీ సిస్టర్, బయోడైవర్సిటీ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయినా." కూర్చుని, ప్యాంటు మడిచి, అదే తాంబాళంలో, అవే నీళ్లలో కాళ్లు పెట్టాడు. సిస్టర్ నోరు తెరిచి, కెమెరా వైపు చూసి, మూసేసింది. పక్కనున్న పదకొండుమందీ చూశారు. ఒక్కరూ చెప్పలేదు. ఆయనంటే వాళ్లకూ మంటే. తేజస్విని చెంబెత్తి నీళ్లు పోసింది.

నేను చదవాల్సిన తర్వాతి వాక్యం సిద్ధంగా ఉంది. చదివాను. "పిల్లలూ, ఆ పవిత్ర జలాన్ని తలమీద చల్లుకోండి."

తేజస్విని కళ్లనిండా నీళ్లతో నాకేసి చూసింది. "చల్లుకో బంగారూ" అన్నాడు తండ్రి. పిల్ల వేళ్లు ముంచి చల్లుకుంది. సరిగ్గా తడవలేదని ఆయనే చెయ్యి ముంచి ఇంకొంచెం చల్లాడు.

గుమ్మం దగ్గర బాలమ్మ ఇంకా నిలబడే ఉంది. ఆమెకు బాగా వినపడాలని మైకు దగ్గరికి లాక్కుని ఆ వాక్యం మళ్లీ గట్టిగా చదివాను.