మిరుగం నాటి కొర్రమట్ట

మొన్న మేడ్చల్‌లో కళ్లు చూపించుకుని బహదూర్‌పల్లికి తిరిగొస్తుంటే, నేనెక్కిన ఆటో అతను దారిలో చేపలమ్మేచోట బండి పక్కకి తీశాడు. రోడ్డు పొడుగునా టార్పాలిన్ పట్టలు, వాటి కింద తొట్లు, తొట్ల చుట్టూ జనం. పెళ్లి భోజనాల దగ్గర కూడా అంత తోపులాట చూడలేదు. "గింతసేపు కూసుంటరా అమ్మా? ఇయ్యాల మిరుగం. చేప లేకుంట పోతే మా ఇంటామె గడప తొక్కనియ్యది" అన్నాడు. కూర్చుంటానన్నాను. మృగశిర కార్తె ప్రవేశించే రోజుని ఇక్కడివాళ్లు మిరుగం అంటారు. ఆ రోజు చేప తింటే వానాకాలమంతా ఒంట్లో ఏ రోగమూ రాదని నమ్మకం. నాలుగు చినుకులు పడి ఆగిపోయాయి, మట్టివాసన లేచింది. అతను తడి సంచీతో వచ్చి, వాసనొస్తుందేమోనని మొహమాటపడుతూ దాన్ని తన కాళ్ల దగ్గర పెట్టుకున్నాడు. ఆటో కదిలింది. దాంతోపాటు సంచీ కూడా కదిలింది. లోపల ఉన్నది బతికున్న కొర్రమట్ట. మా వైపు కొరమీను అంటారు. అది కదిలిందో లేదో, నాకు కళ్లనిండా నీళ్లొచ్చేశాయి. డాక్టరు వేసిన చుక్కల మందు వల్లే అనుకుని ఉంటాడు పాపం.

మావి గుంటూరు వైపు పప్పూ పచ్చడీ తినే కొంపలు. కోడిగుడ్డు పెంకు పెరట్లో కనబడినా మా అత్తగారు పసుపునీళ్లు చల్లేవారు. అలాంటి ఇంటికోడలినైన నాకు కొర్రమట్టతో ఏం పనంటే, చెబుతాను. తొంభైల చివర్లో మేము లాల్‌గడి మలక్‌పేటలో స్థలం కొనుక్కుని రెండు గదులు వేసుకున్నాం. అది కాలనీ అన్న సంగతి గేటు దగ్గర బోర్డుకి తప్ప ఇంకెవరికీ తెలియదు. ఎటుచూసినా నంబర్లు వేసిన హద్దురాళ్లు, రాళ్ల మధ్య ఎవరిదో జొన్నచేను, సాయంత్రమైతే ఎక్కడో ఒకచోట దీపం. మా అమ్మాయి విజయవాడలో హాస్టల్లో ఉండి చదువుకునేది. మా ఆయన మేడ్చల్‌లో ఒక ఫ్యాక్టరీలో స్టోర్స్ చూసేవారు. మనిషి బంగారం, కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది. కరెంటు పోయిందని లైన్‌మన్‌తో, పాలల్లో నీళ్లున్నాయని పాలవాడితో, చిల్లర ఇవ్వలేదని కండక్టరుతో, ఎవరూ దొరక్కపోతే రేడియోలో వార్తలు చదివే ఆయనతో పోట్లాడేవారు. నేను వెనకాలే వెళ్లి అందరికీ సర్దిచెప్పుకునేదాన్ని. ఆ వంకన ఊళ్లో నాకు బోలెడు స్నేహాలు కలిశాయి.

ఒక దసరా ముందు ఆయన ఆఫీసులో కూర్చున్నవారు కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయారు. సిటీలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. గుండె బాగా నీరసించిపోయిందనీ, ఆపరేషన్‌తో బాగయ్యేది కాదనీ, మందులు లాగినన్నాళ్లు లాగుతాయనీ డాక్టరు నన్ను బయటికి పిలిచి చెప్పాడు. బరువులెత్తకూడదు, పరుగులు పెట్టకూడదు, కోపం అసలే పనికిరాదు. ఇంటికొచ్చే దారిలో ఈయన, "ఎన్నాళ్లన్నాడే?" అని అడిగారు. "కోపం తగ్గించుకుంటే నూరేళ్లట" అన్నాను. ఆయన నా మొహంలోకి చూసి, "అయితే తగ్గించుకుంటాలే" అన్నారు. అబద్ధమని ఆయనకీ తెలుసు, ఆయనకి తెలుసని నాకూ తెలుసు. ఆ విషయం మేము మళ్లీ ఎత్తలేదు.

కోపం తగ్గడానికి ధ్యానం చేయమన్నారెవరో. కళ్లు మూసుకుని కూర్చుంటే గురక పెట్టేవారు. తులసిమొక్కలన్నారు, వాటితోనూ పోట్లాడారు. చివరికి శివరాత్రి వెళ్లాక ఒకరోజు హఠాత్తుగా, "చిన్నప్పుడు కాలవగట్టు మీద గుండుసూది వంచి గాలమేసేవాణ్ణి. మా బామ్మకి తెలిసి వీపు చీరేసింది. నా జన్మలో కోపం రాకుండా కూర్చున్నది అక్కడేనోయ్" అన్నారు. ఆ ఆదివారమే ఒక వెదురుబద్ద, దారం, నెమలీక బెండూ సంపాదించుకుని స్కూటరు మీద శామీర్‌పేట చెరువుకి బయల్దేరారు. నేను లబోదిబోమన్నాను. పాపమన్నాను, పెద్దలకు పిండం ముట్టదన్నాను. ఆయన ఆకురాయితో గాలం కొన దగ్గరుండే ఎదురుముల్లుని నున్నగా అరగదీస్తూ, చేప నోరు చీరుకోకుండా ఇది ఊడొచ్చేస్తుందనీ, పడ్డదాన్ని పడ్డట్టే నీళ్లలో వదిలేస్తాననీ ఒట్టేశారు. వానపాములు ముట్టుకుంటే ఇంట్లోకి రానివ్వనన్నాను. అందుకని ఎరగా గోధుమపిండి ముద్ద. ఆ ముద్ద కలిపే పని మాత్రం, ఎలా వచ్చిందో, నా మీదే పడింది.

ఆ ఏడాది ఉన్నంత సుఖంగా నేను మునుపు బతకలేదు, తరవాతా బతకలేదు. ఆదివారం పొద్దున్నే లేచి, ఆయనకి ఉప్పు లేని ఉప్మా, చేపలకి ముద్దా కలిపేదాన్ని. మొదట్లో చపాతీకి కలిపినట్టు కలిపితే నీళ్లలో విడిపోయేది. తవుడు కలిపాను, కాస్త బెల్లం, కాస్త వేరుశనగ చెక్క వేశాను. అప్పుడిక చేపలు వరస కట్టాయి. "నీ చేతి వంట నాకంటే వాటికే బాగా నచ్చిందే" అనేవారు. ఊరికే చూసొద్దామని ఒకవారం వెనకాల కూర్చుని వెళ్లినదాన్ని, ఆ తరవాత ఒక్క వారం మానలేదు. కట్టకి దూరంగా, పెద్ద బండరాయి వెనక మా చోటు. నీళ్లమీంచి చల్లగాలి, నాచు వాసన, అవతలి గట్టున ఎవరో బట్టలుతుకుతున్న చప్పుడు. నేను ఊలు అల్లుకునేదాన్ని. ఎవరికోసం అల్లుతున్నానో, ఏం అల్లుతున్నానో కూడా తెలిసేది కాదు. బెండు మునిగితే ఆయన మెల్లగా లాగి, చేతులు తడిచేసుకుని, చేపని పట్టుకుని, నాకు ఒకసారి చూపించి వదిలేసేవారు. అదేదో చంటిపిల్లకి నీళ్లు పోసినట్టు చేసేవారు. ఇరవయ్యేళ్ల కాపరంలో మేమిద్దరం అంతసేపు పక్కపక్కన ఊరికే కూర్చున్నది లేదు. లైన్‌మన్ వచ్చి, సారు ఈమధ్య తిట్టడం లేదేంటని నన్ను పరామర్శించాడు.

మేము చెరువు దగ్గరికి వెళ్లేది కట్టమీద దారిన. అక్కడ ఒక చింతచెట్టు నీడలో ఒక ముసలావిడ ఎప్పుడూ వల బాగుచేసుకుంటూ కూర్చునేది. వాళ్లది తరాలుగా ఆ చెరువులో చేపలు పట్టే కుటుంబం. అందరూ అవ్వా అంటారు కనక మేమూ అవ్వా అన్నాం. బండరాయి వెనక ఏం జరుగుతోందో ఆవిడకి కనబడదు. కనబడేదల్లా, పొద్దున ఖాళీ బుట్టతో వెళ్లిన మనిషి మధ్యాహ్నం ఖాళీ బుట్టతో తిరిగిరావడమే. ఆవిడకి ఈయన మీద కడుపు తరుక్కుపోయేంత జాలి పుట్టింది. "ఒక్కటన్న పడ్తలేదా సారు? గంత ఓపికగ కూసుంటవు, నీ నసీబు గట్లున్నది" అని మొత్తుకునేది. ఒకవారం ఈయన గాలం అడిగి తీసుకుని, దిష్టి తగిలిందని దాని చుట్టూ ఉప్పు తిప్పి పారేసింది. నిజం చెప్పేయండి అంటే ఈయన వినలేదు. పట్టి వదిలేస్తానంటే పిచ్చివాడనుకుంటుంది, పట్టలేనంటే మంచివాడనుకుంటోంది, అనుకోనీ అనేవారు. గుండె జబ్బు సంగతి మాత్రం ఏదో మాటల్లో నేనే ఆవిడ చెవిన వేశాను.

మిరుగం నాడు పొద్దున్న ఆవిడ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. శామీర్‌పేట నుంచి అంతదూరం నడిచొచ్చింది. చంకలో తడి గోనెసంచీ. గడప బయటే నిలబడి, సంచీ నా చేతికిస్తూ చెప్పింది. "కొర్రమట్ట బిడ్డా. సారుకు పడకపోతే ఏంది, నేను దెచ్చిన. ఇయ్యాల గిది దింటే పానం గట్టిగుంటది. మళ్ల మిరుగం దాకా సారుకు ఏం గాదు. మంచిగ పులుసు వెట్టి పెట్టు." నీళ్లు తాగి, ఎండెక్కకముందే పోవాలని వెళ్లిపోయింది. నేను ఆ సంచీ పట్టుకుని పెరట్లో బట్టలుతికే రాయి దగ్గర నిలబడిపోయాను. మళ్లీ మిరుగం దాకా ఏం కాదు అన్న మాట ఒక్కటే చెవుల్లో తిరుగుతోంది. నేనెంత బతిమాలినా పెద్దాసుపత్రి డాక్టరు అనని మాట అది. ఈయన నా వెనక వచ్చి నిలబడ్డారు. "తింటారా?" అన్నాను. ఆయన ఆశ్చర్యపోయి, "వండుతావా?" అన్నారు. "వండుతాను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. నిజంగానే వండేదాన్ని. ఎలా వండాలో పక్కూరెళ్లి నేర్చుకుని, ఆనక స్నానం చేసి, ఏ దేవుడు ఏమన్నా పడేదాన్ని.

 ఆయన వంగి, సంచీ మూతి విప్పి, "అది బతికుందే" అన్నారు. అనడమే ఆలస్యం, అది ఎగిరి బయటపడింది. ఇక చూడాలి మా పెరడు. కొర్రమట్టకి నీళ్లు లేకపోయినా ఊపిరాడుతుందట, నాకేం తెలుసు. తులసికోట చుట్టూ అది, దాని వెనక బకెట్‌తో నేను, కదలకండి మీరు కదలకండి అని అరుస్తూ. ఆయన ఉతికేరాయి మీద కూలబడి, గుండె పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. గుండె పట్టుకున్నారని నేను భయపడి బకెట్ వదిలేసి ఆయన దగ్గరికి పరిగెత్తితే, అది నా కాళ్ల మీదే వచ్చి పడింది. ఎలాగో పట్టాం. పొద్దువాలాక, అవ్వ ఇంటికెళ్లే వేళ చూసుకుని, స్కూటరు మీద బకెట్ ఒళ్లో పెట్టుకుని నేనూ, నడుపుతూ ఆయనా, దొంగల్లా చెరువుకి వెళ్లాం. నీళ్లలో బకెట్ వంచితే అది ఒక్క క్షణం అక్కడే ఆగి, తరవాత లోపలికి వెళ్లిపోయింది. తిరిగొచ్చేటప్పుడు దారంతా నవ్వుతూనే ఉన్నాం. ఆ మర్నాటి నుంచి అవ్వ కనబడితే, పులుసు బ్రహ్మాండంగా ఉందని ఈయన మీసం దువ్వుకుంటూ చెప్పేవారు.

ఆవిడ అన్నట్టే మళ్లీ మిరుగం దాకా ఏమీ కాలేదు. రెండో మిరుగానికి అవ్వ రాలేదు. కూతురి కానుపని వేరే ఊరు వెళ్లింది. శ్రావణమాసం రాకుండానే, ఒక ఉదయం, కాఫీ కలిపి తెచ్చేలోగా ఈయన వెళ్లిపోయారు. ముందురోజు సాయంత్రం వచ్చే ఆదివారానికని కొత్త దారం కట్టుకున్నారు. గాలం గుమ్మం పక్కనే ఆనించి ఉంది.

అందరూ వచ్చారు, అందరూ వెళ్లారు. ఆయన తిట్టిన కండక్టరు కూడా వచ్చి కాసేపు కూర్చున్నాడు. నాకు లోపల ఒకటే కుమిలిపోవడం. ఆ రోజు వండి ఉంటే? ఆయన వద్దన్నా బలవంతాన ఒక ముద్ద పెట్టి ఉంటే? చదువుకున్నదాన్నే, అయినా ఆ ఆలోచన నన్ను నిద్రపోనిచ్చేది కాదు. అవ్వ ఊరి నుంచి రాగానే కబురు తెలిసి పరిగెత్తుకొచ్చింది. ఈసారి గడప బయట ఆగలేదు. లోపలికొచ్చి నా పక్కన కూలబడి, తలకొట్టుకుంటూ ఏడ్చింది. "పోయిన మిరుగానికి చేప దిన్నడు, ఏడాది నడిచిండు. గీసారి నేను తేకపోతి. నా బిడ్డ కానుపని పోయి కూసుంటి. నా పాపమే బిడ్డా, నేనే సారును జంపుకున్న."

మేము చెప్పిన అబద్ధం ఎక్కడికొచ్చి తగిలిందో అప్పుడర్థమైంది. ఆవిడ రెండు చేతులూ పట్టుకుని అంతా చెప్పేశాను. మాకు చేపలు తినే అలవాటే లేదని, ఆయన ప్రతివారం పట్టినవన్నీ వదిలేసేవారని, ఆవిడ తెచ్చినదీ చెరువులోనే ఉందని. "ఆయన తినలేదవ్వా. తినకుండానే ఏడాది ఉన్నారు. నీవల్ల కాదు. నేనే, ఒక్క ముద్ద పెట్టి ఉంటే ఇంకా ఉండేవారేమోనని చస్తున్నాను" అన్నాను. అవ్వ ఏడుపు ఆగిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నన్ను చూస్తూ ఉండిపోయింది. కోప్పడుతుందనుకున్నాను. కొంగు తీసి, "గన్ని దినాలు గన్ని పట్టి అన్నీ ఇడిసిండా? నేను సారుకు పట్టరాదనుకుంటి" అంది. ఆ మాటకి ఇద్దరికీ నవ్వొచ్చింది, నవ్వు మధ్యలోనే మళ్లీ ఏడుపొచ్చింది. తరవాత నా తల తన భుజానికి ఆనించుకుని, గొంతు తగ్గించి అంది. "చేప దింటేనే పానం నిలుస్తదంటే మా ముసలోడు ఇయ్యాల్టికి గూడ ఉండాలె గద బిడ్డా. పుట్టిన కాంచి చేపనే దిన్నడు."

ఆ మాట తరవాత నేను నిద్రపోయాను. ఆ తరవాత ప్రతి మిరుగానికీ అవ్వ వచ్చేది, చేప లేకుండా, ఉత్త చేతులతో. నేను పులిహోర పెట్టేదాన్ని. సారు ముచ్చట చెప్పుకుని వెళ్లేది. ఒక ఏడాది రాలేదు. ఎందుకు రాలేదో కనుక్కోవాల్సిన పనిలేకపోయింది. ఇల్లు అమ్మేసి నేను బహదూర్‌పల్లిలో మా అమ్మాయి దగ్గరికి వచ్చేశాను.

మొన్న ఆటో దిగేటప్పుడు సంచీలో ఆ కొర్రమట్ట ఇంకా కదులుతూనే ఉంది. ఇవి ఎన్నేళ్లు బతుకుతాయి బాబూ అని అతన్ని అడగాలని నోటిదాకా వచ్చింది, మింగేసుకున్నాను. ఆయన పోయి పాతికేళ్లు కావస్తోంది, ఎన్ని మిరుగాలు వచ్చాయో, చెరువులో ఎన్ని వలలు పడ్డాయో నాకు తెలియదు. బకెట్ వంచగానే ఒక్క క్షణం ఆగి లోపలికి వెళ్లిపోయిందే, అది మాత్రం ఇంకా ఆ నీళ్లలోనే ఉందనుకుంటాను, అందుకే ఎవరినీ అడగను.