వీపున టిచ్ బటన్లు

మా ఆయన చాలా ఏళ్లు నాటకాల్లో బల్లెం పట్టుకుని నిలబడే భటుడు. హోసూరు ఫ్యాక్టరీలో పని, మత్తిగిరిలో కాపురం, ఆదివారం వస్తే నాటకం రిహార్సల్. ఎనభైల్లో ఒక వేసవిలో రాజు వేషం కట్టే మనిషి మంచాన పడితే ఈయనకు రాజయోగం పట్టింది. "ఇది చెడగొట్టినావంటే సచ్చేదాకా బల్లెమేనప్పా" అని నాటకం నేర్పే వాద్యారు ముందే చెప్పేశాడు. ఆ రోజు నుంచి ఈయన ఇంట్లో మంచినీళ్లు అడిగినా మీసం మీద చెయ్యేసుకునే అడిగేవాడు.

పాత అట్ట కవచాన్ని ఎలుకలు కొట్టేశాయి. అందుకని నీలం ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి తెచ్చి, కోసి, బంగారు రంగు పూశాడు. దాన్ని రొమ్ము మీంచి చుట్టి వీపు దగ్గర మూయాలి. ఇంట్లో కుట్టుపని నాది కాబట్టి ఆ భారం నా మీద పడింది.

"నాడాలు కుడతాను, ఎంత కావల్నో అంత బిగించుకోవచ్చు" అన్నాను.

"రాజుకు నాడాలా? ఇదేమన్నా పైజామానా? టిచ్ బటన్లు పెట్టమ్మా, టక్కుమని పడల్ల."

ప్లాస్టిక్‌లో సూది దిగదు. దబ్బనం ఎర్రగా కాల్చి బెజ్జాలు పొడిచి, రెండు పేటల దారంతో బటన్లు కుట్టాను. కొలత చూసేటప్పుడు ఈయన పొట్ట లోపలికి పీల్చుకుని, అద్దంలో తనను చూసుకుని మురిసిపోతూ నిలబడ్డాడు. "ఊపిరి వదులప్పా, ఒక పద్యం పాడి చూడు" అన్నాను. కుదరదన్నాడు. వాళ్ల బృందంలో అదొక కట్టు. వేషం ఒంటి మీదికి వచ్చాక, ఆట మొదట్లో వినాయకుడికి కర్పూరం వెలిగించేదాకా పద్యం పాడకూడదు. పొట్ట పీల్చకూడదని మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు.

కృష్ణగిరిలో మామిడి మండీ వాళ్లు పెట్టించిన నాటకం అది. ముందుగా భోజనాలు పెట్టారు. ఈయన మర్యాదకైనా వద్దనలేదు. పొద్దుగూకగానే ఆట మొదలైంది. వేషాలు సర్దడానికి నేను వెనక తెర దగ్గరే ఉన్నాను.

రాజు వచ్చాడు, నడిచాడు, బాగానే ఉంది. పెద్ద పద్యానికి రాగం తీద్దామని రొమ్ము నిండా గాలి పీల్చాడో లేదో, టప్ టప్‌మని పై బటన్లు ఊడాయి. హార్మోనియం దగ్గర వాద్యారు కళ్లెర్రజేశాడు. ఈయన రాగం సగంలో మింగేసి, మోచేతులతో కవచాన్ని అదుముకుంటూ వెనక్కి వెనక్కి నడిచి తెరకు ఆనుకున్నాడు. నాకు నవ్వు ఆగలేదు. తెర చీలికలోంచి ఆయన మెడ వెనక కారుతున్న చెమట కనిపించాక ఆగింది.

ఆ చీలికలోంచే చేతులు చాచి మిగతా బటన్లు కూడా విప్పేసి, రెండు అంచులూ పట్టుకున్నాను.

"వదలాకమ్మా" అన్నాడు నోట్లోనే.

"పట్టుకోనుండాను. నువ్వు పాడప్పా."

పాడాడు. ఆయన ఊపిరి పీల్చినప్పుడల్లా కవచాన్ని కొంచెం వదిలాను, విడిచినప్పుడల్లా దగ్గరికి లాగాను. పద్యం అయ్యేసరికి జనం "వన్స్ మోర్" అని అరిచారు. కోసిన ప్లాస్టిక్ అంచు వేళ్లకు గీరుకుని మండిపోతోంది.

ఆయన తల తిప్పలేదు. "చేతులు నొస్తా ఉండాయా? ఇంగోసారి పాడేదా, వద్దా?" అని మెల్లగా అడిగాడు. ఇన్నేళ్లూ వేరేవాళ్లకు పడే వన్స్ మోర్లు వింటూ నిలబడ్డ మనిషి, తనకు మొదటిసారి పడినప్పుడు నన్ను అడిగాడు.

"పాడు" అన్నాను. అంచులు మళ్లీ సర్ది పట్టుకున్నాను.