సగం ఊపిరి

మా పెద్దబాపును ఎవలన్న మెచ్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతది. బొగ్గుబాయిల ఫిట్టర్‌గ చేసి రిటైరైన మనిషి. గురి పోటీలల్ల కొట్టే పాత గాలితుపాకులు, ఖరాబై మూలకు పడ్డయి ఉంటే, ఏరి తెచ్చి బాగుచేసేటోడు. ట్రిగ్గర్ గుంజే ముందు సగం ఊపిరి ఇడిచి ఆపేటోడు. మాట్లాడే ముందు గూడ గంతే. అందుకే ఆయన నోట తప్పు మాట రాదనేటోళ్లు.

ఒక తుపాకికైతే వానకాలమంత పట్టింది. మెట్‌పల్లి నుంచి తోలు తెచ్చి, కోసి, నూనెల నానేసి, గాలి పోకుండ లోపల వాషర్ ఏసిండు; దానికి నీళ్లు తగిలితే ఖరాబే. తుపాకి కట్టెకు అరచేత్తోని అవిసెనూనె రాసిండు.

దసరాకు ఆయన బిడ్డ, అల్లుడు వచ్చిండ్రు. నాకు అక్క, బావ. బావ పొద్దుగాల్నే కారు కడిగిండు. పండుగనాడు పనిముట్లన్ని కడిగి బొట్టు పెడ్తం గదా అని గా తుపాకికి గూడ సబ్బు రుద్ది, పైపుతోని గొట్టం లోపలికి నీళ్లు కొట్టిండు. కుంకుమ పెట్టి, "మామా, సూడు ఎట్ల మెరుస్తుందో!" అన్నడు.

పెద్దబాపు సగం ఊపిరి ఇడిచి ఆపిండు. పండుగకొచ్చిన అల్లున్ని ఏమన్న అంటరా! వంటింట్ల గారెలు చేస్తున్న అక్క దిక్కు తిరిగి, "నీకు కండ్లు పోయినయా? నీ మొగడు ఏం జేస్తుండో సూస్కోవద్దా?" అని వాడంత ఇనేటట్టు ఒర్రిండు. అక్క పిండి చేతులతోని అట్లనే నిలవడ్డది. బావ కారు తుడుసుకుంటనే ఉన్నడు.

గంత గురి ఉన్న మనిషి, ఎదురుంగ ఉన్నోన్ని ఇడిసిపెట్టి ఎవలిని కొట్టిండు?

తుపాకిని విప్పి, తోలు మార్చి, మల్ల మంచిగ చేసిండు. అక్క మల్ల ఏ దసరాకు రాలే.