రేగాకు తలంటు

దయాకుమారి మూడు యూనివర్సిటీల్లో నేల తుడిచింది. ఎక్కడ పిల్లలు ఎలా కలిసి ఉంటారో వాళ్లు వదిలిపోయిన చెత్తను బట్టి ఆమెకు తెలిసేది.

మొదటిది దుబాయ్‌లో. ఆఫీసు భవనంలో రెండు అంతస్తులు. హాస్టల్ లేదు. పిల్లలు తరగతికి వచ్చేవారు, అది అవగానే మెట్రోకి వెళ్లిపోయేవారు. విద్యార్థి సంఘాల పేర్లు నోటీసు బోర్డు మీద ఉండేవి. సాయంత్రం ఆమె వెళ్లేసరికి కుర్చీలు పొద్దున సర్దిన చోటే ఉండేవి.

రెండోది షార్జాలో. అక్కడ సంఘమంటే దేశం. ఏడాదికోసారి మైదానంలో ఒక్కో దేశానికి ఒక్కో గుడారం వేసేవారు. పాటలు, తిండి, జెండాలు. మర్నాడు ఆమె ఎత్తే సంచుల్లో ఖర్జూరం గింజలూ బిర్యానీ పళ్లేలూ కలిసిపోయి ఉండేవి. పిల్లలు మాత్రం ఏడాదంతా ఏ దేశం వాళ్లు ఆ దేశం బల్ల దగ్గరే కూర్చునేవారు.

మూడోది రాస్ అల్ ఖైమాలో. అమెరికా పద్ధతి చదువు, అమ్మాయిలకు వేరే హాస్టల్. అమెరికా కాలేజీల్లో అమ్మాయిలు ఒక ఇంటికి పేరు పెట్టుకుని, అక్కచెల్లెళ్లమని ప్రమాణం చేసుకుని, కలిసి ఉంటారట. అలాంటి సంఘాలకు ఇక్కడ అనుమతి లేదు. అనుమతి లేనందువల్లే కావచ్చు, హాస్టల్లో దాని మీద మోజు ఎక్కువ.

ఆమెది పాలకొల్లు దగ్గర కాలువ గట్టు మీది ఊరు. ఇంటిపనికి వచ్చి, ఒక అరబ్బు ఇంట్లో ముగ్గురు పిల్లల్ని పెంచింది. పిల్లలు ఎదిగాక కఫీల్, అంటే వీసా ఇచ్చిన ఆ ఇంటి యజమాని, వేరే పనికి వెళ్లొచ్చని కాగితం ఇచ్చాడు. కరోనా తగ్గిన ఏడాది క్లీనింగ్ కంపెనీలో చేరింది. రాస్ అల్ ఖైమాలో కంపెనీ ఆమెకు హాస్టల్ వెనకే ఇద్దరుండే గది ఇచ్చింది. కిటికీ తీస్తే కొండలు కనపడేవి. అక్కడే ఉండిపోవాలని ఆమె అనుకుంది. అంతకు మించి ఆమె దేన్నీ కోరుకున్నట్టు ఎవరికీ చెప్పలేదు.

హాస్టల్లో ఒక్క సంఘానికే పేరుండేది. సిద్ర. సిద్ర అంటే ఇక్కడి రేగు చెట్టు. హాస్టల్ వెనక ఒకటి ఉంది. ఆకు చిన్నది, ముల్లు పెద్దది. పండు రుచి చూసి దయాకుమారి అది తన ఊరి రేగుకు చుట్టమేనని తేల్చుకుంది. ఆ చెట్టు కింద కూర్చునే అమ్మాయిలే ఆ సంఘం. వాళ్లకు పెద్ద సుహానా. ఆఖరి సంవత్సరం. ఇంటివాళ్లది హైదరాబాద్, పెరిగింది షార్జాలో. దయాకుమారిని ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేది. మిగతావాళ్లు దీదీ అనేవారు.

ఆంటీ అని పిలిచేది ఒక్క రేచెల్. మొదటి సంవత్సరం. తల్లి అబూ ధాబీలో ఆసుపత్రి నర్సు. ఆ ఊరి శివారు బనియాస్‌లో ఫ్లాటు. తల్లి డ్యూటీకి వెళ్తూ ఎవరొచ్చినా తలుపు తీయొద్దని చెప్పి వెళ్లేది. రేచెల్ అలా పెరిగింది. హాస్టల్‌కి వచ్చాక కూడా గదిలోనే తినేది. ఆమె చెత్తబుట్టలో ఎప్పుడూ ఒక్క పళ్లెం, ఒక్క చెంచా.

ఫిబ్రవరిలో ఒక రోజు దయాకుమారి ఆమె గది తుడుస్తోంది.

"కాళ్లు పైకెత్తమ్మా, తడి."

రేచెల్ కాళ్లు కుర్చీ మీదికి లాక్కుంది. "ఆంటీ, నన్ను చూస్తున్నారంట."

"పెళ్లికా?"

"అబ్బా, కాదు. సిద్ర వాళ్లు."

"ఆళ్లెవరు నిన్ను చూడ్డానికి? నువ్వేం తక్కువ?"

"అలా కాదు. ఒక్కొక్కళ్లని ఒక అక్క ఎంచుకుంటుంది. ఎవరో చెప్పరు. మనమే కనిపెట్టాలి."

"మీ అమ్మకి చెప్పావా?"

"క్లబ్ అని చెప్పా. అమ్మ బైబిల్ క్లబ్ అనుకుంది." రేచెల్ కాళ్లు దించింది. "నేనేం అబద్ధం చెప్పలేదు."

"దించకు. ఇంకా ఆరలేదు."

ఆ వారం ఆమె చెత్తబుట్ట ఖాళీగా ఉంది. రేచెల్ కింద హాలులో భోంచేస్తోందని దయాకుమారికి అర్థమైంది.

శనివారం మధ్యాహ్నం హాస్టల్లో సగం గదులకు తాళాలు. దయాకుమారి ఉతికిన కర్టెన్లు తేవడానికి కింద బట్టలు ఉతికే గదికి వెళ్లింది. తలుపు లోపలి నుంచి తాళం వేసి ఉంది. తలుపు పైభాగంలో అద్దం ముక్క. అందులోంచి చూసింది.

రేచెల్ మోకాళ్ల మీద ఉంది. కళ్లకు నల్లగుడ్డ. ఇద్దరు భుజాలు పట్టుకున్నారు. తల నీలం బకెట్ మీదికి వంచి ఉంది. మూడో అమ్మాయి చెంబుతో పచ్చటి బురద లాంటిది తల మీద పోస్తోంది. చుట్టూ నిలబడ్డవాళ్లలో ఒక్కరూ మాట్లాడడం లేదు.

దయాకుమారి చెల్లెలి కూతురు ఇంజనీరింగ్ కాలేజీలో చేరి, మొదటి సెలవులకి ఇంటికొచ్చి, మళ్లీ వెళ్లలేదు. సీనియర్లు ఏం చేశారో ఇప్పటికీ చెప్పలేదు. పగలు కూడా దీపం వేసుకుని కూర్చుంటుంది. వాళ్ల ఊళ్లో ఆడపిల్లను హాస్టల్లో వేయడమంటే తల్లులకు ముందు గుర్తొచ్చేది ర్యాగింగ్ అనే మాట.

ఆమె దగ్గర ఆ గది తాళంచెవి ఉంది. తలుపు తీసుకుని లోపలికి వెళ్లింది. అడ్డొచ్చిన సుహానాను పక్కకు నెట్టింది. గుడ్డ లాగేసింది. రేచెల్ చెయ్యి పట్టుకుని గుమ్మం బయటికి ఈడ్చింది. సెక్యూరిటీని కేకేసింది. నేపాలీ గార్డు వచ్చాడు, చూశాడు, రిపోర్టు రాసుకున్నాడు.

రేచెల్ జుట్టులోంచి పచ్చనీళ్లు కారుతున్నాయి. ఏడుస్తోంది.

"అయిపోయిందమ్మా, నేనొచ్చేశానుగా," అంది దయాకుమారి.

"ఎందుకొచ్చారాంటీ? ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని? ఇంకొక్క చెంబు. ఒక్క చెంబు ఉంది."

ఆ పచ్చటిది రేగాకు. ఎండబెట్టి, పొడి చేసి, నీళ్లలో కలిపింది. ఈ దేశంలో ముసలివాళ్లు తలకు అదే రుద్దుకునేవారు. సిద్రలో చేరే అమ్మాయికి అక్క తలంటు పోస్తుంది. ఆమె ఎవరో తెలియకుండా కళ్లకు గుడ్డ కడతారు. తర్వాత ఆ అమ్మాయి అందరి చేతులూ పట్టుకుని చూసి, తన తల రుద్దిన చెయ్యి ఏదో చెప్పాలి. మధ్యలో గుడ్డ జారినా, లేచినా, మాట్లాడినా తలంటు తెగినట్టే. మళ్లీ వచ్చే ఏడాదే. ఇదంతా ఆదివారం సుహానా చెప్పింది, మెట్ల మీద నిలబడి, దయాకుమారి మొహం వంక చూడకుండా.

"మేం దాన్ని కొట్టినమా? తిట్టినమా? తలకి పోసినం. గంతే."

"నాకేం తెలుసు తల్లీ. మెడ వంచారు."

"తల వంచకుండా మీ ఊర్ల తలస్నానం ఎట్ల చేస్తరు?"

ఆ రోజు ఎవరూ ఆమెను ఖాలా అనలేదు, దీదీ అనలేదు. గదుల ముందు చెత్తబుట్టలు బయటికి పెట్టి తలుపులు వేసుకున్నారు. రేచెల్ తలుపు బయట మళ్లీ ఒక్క పళ్లెం, ఒక్క చెంచా.

కంపెనీ సూపర్‌వైజర్ నాగబాబు సాయంత్రం వచ్చాడు. అమలాపురం మనిషి. చేతిలో టీ కప్పు లేకుండా ఎప్పుడూ కనపడడు.

"ఏంటి దయమ్మా ఇది? నీకు తుడవమని జీతం. గుడ్డలిప్పమని కాదు."

"పిల్లనేదో చేసేత్తన్నారనుకున్నానండి."

"సరే. రేపు హాస్టల్ నడిపే ముదీరా దగ్గర అదే చెప్పు. బలవంతం చేశారు, నువ్వు కాపాడావు. ఖలాస్. చప్పట్లు కొట్టి శాలువా కప్పుతారు."

"ఆ అమ్మాయిలనేం చేస్తారండి?"

"పెద్ద పిల్లనీ ఇంకో ఇద్దర్నీ హాస్టల్లోంచి పంపేస్తారు. సంఘం మూసేస్తారు. నీకేంటి?"

"బలవంతం కాదంటే?"

"కాదంటే ఏ కారణం లేకుండా స్టూడెంటు మీద చెయ్యేసినట్టు. నిన్నిక్కడ ఉంచరు. షార్జా ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపు. గదికి ఎనిమిది మంది, తెల్లారకుండా బస్సు." టీ తాగాడు. "కిటికీ కూడా ఉండదు."

"బలవంతమో కాదో నాకు తెలీదు కదండీ."

"తెలీనిది తెలిసినట్టు చెప్పడానికే కదమ్మా మాకు ఉద్యోగాలిచ్చింది."

అతను వెళ్లాక దయాకుమారి రేచెల్ గదికి వెళ్లింది. చాలాసేపటికి తలుపు తీసింది రేచెల్. జుట్టు ఇంకా కడుక్కోలేదు. ఆకు ఎండి పెచ్చులు కట్టింది.

"ఒక్క మాట చెప్పమ్మా. నిన్ను వంచారా, నువ్వే వంగావా?"

"నేనే వంగాను."

"భుజాలు పట్టుకున్నారుగా?"

"నేల తడిగా ఉంది. జారిపోతానని పట్టుకున్నారు. మీరే కదా పొద్దున తుడిచారు."

దయాకుమారి గుమ్మంలోనే కూర్చుంది. ఆమెకు కాలువ గుర్తొచ్చింది.

పెళ్లికి ముందు, వాళ్ల ఊరి కాలువలో ఆమెకు బాప్తిస్మం ఇచ్చారు. తెల్లచీర. నడుం లోతు నీళ్లు. పాస్టరు దేవరాజు గారు ఒక చేత్తో వీపు, ఒక చేత్తో తల పట్టుకున్నారు. ఇద్దరు సంఘపెద్దలు భుజాలు పట్టుకున్నారు. నాయనమ్మ చిట్టెమ్మ గుడికే తప్ప చర్చికి వెళ్లని మనిషి. మనవరాలికి ఏదో చేస్తారట కదా అని చూడ్డానికి వచ్చి గట్టు మీద నిలబడింది. తల నీళ్లలో మునగగానే చీరతో సహా కాలువలోకి దూకింది. పాస్టరు గారి చొక్కా పట్టుకుని, నా మనవరాల్ని ముంచేత్తన్నాడు అని అరిచింది. దయాకుమారి ముక్కులోకి నీళ్లు పోయాయి. ప్రార్థన ఆగిపోయింది.

దేవరాజు గారు చొక్కా పిండుకున్నారు. నాయనమ్మను గట్టెక్కించి, చేతికి తువ్వాలిచ్చి, పట్టుకుని ఇక్కడే ఉండమ్మా, అది పైకొచ్చాక తుడుద్దువుగాని అన్నారు. నీళ్లలోకి దిగి, మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టారు. నాయనమ్మ తువ్వాలు పట్టుకుని చూస్తూ నిలబడింది.

సోమవారం పది గంటలకు ముదీరా పిలిచింది. రాస్ అల్ ఖైమా మనిషే, పెద్దావిడ. దయాకుమారికి ఆ అరబ్బు ఇంట్లో నేర్చుకున్న అరబ్బీ ఉంది. అది వంటింటి అరబ్బీ. అందులో పొడుగు వాక్యాలు లేవు.

"బలవంతం చేశారా?"

"లేదు మేడమ్."

"నువ్వు చూశావా?"

"బలవంతం అనుకున్నాను. చూడలేదు."

"అమ్మాయిని చెయ్యి పట్టి లాగావా?"

"లాగాను."

"బకెట్‌లో ఏముంది?"

"సిదర్ ఆకు."

ముదీరా కలం ఆపింది. "మా అమ్మమ్మ మాకు అదే రుద్దేది. కళ్లు మండేవి," అంది. తర్వాత మళ్లీ రాయడం మొదలుపెట్టింది.

సాయంత్రానికి నిర్ణయం తెలిసింది. సిద్ర పేరు నమోదు చేయించాలి. సంఘం కూడే ఏ గదికీ లోపలి నుంచి తాళం వేయకూడదు. హాస్టల్లోంచి ఎవరినీ పంపలేదు. దయాకుమారి గురువారం నుంచి షార్జా.

బుధవారం ఆమె గది ఖాళీ చేస్తోంది. ఒక సూట్‌కేసు, ఒక అట్టపెట్టె. సుహానా గుమ్మం దగ్గర నిలబడింది.

"మా గురించి మంచిగ చెప్పినవంట."

"మంచిగా ఏం చెప్పలేదు. చూడలేదన్నాను."

"శుక్రియా ఖాలా."

దయాకుమారి అట్టపెట్టెకు తాడు కట్టింది. "ఆ పిల్లకి మళ్లీ పొయ్యండమ్మా."

"అట్ల కుదరదు. తెగిపోయింది. ఒక్కసారే రూల్."

"ఎవరు పెట్టారు రూలు?"

"అమెరికాల మా కజిన్ వాళ్లకి ఉంది."

"ఆళ్లూ రేగాకే పోసుకుంటారా?"

సుహానా నవ్వు ఆపుకుంది. "లే. అది మేమే పెట్టుకున్నం."

"మరి ఇదీ మీరే పెట్టుకోండి." ఆమె కాలువ సంగతి చెప్పింది. నాయనమ్మ దూకిన చోట సుహానా గుమ్మానికి ఆనుకుని నవ్వింది. పాస్టరు గారు మళ్లీ ముంచారు అన్నప్పుడు నవ్వలేదు.

"మీ దాదీకి తువ్వాలిచ్చిండ్రా?"

"ఊరికే నిలబడితే మళ్లీ దూకుద్దని."

సుహానా వెళ్లిపోయింది.

గురువారం మధ్యాహ్నం నాగబాబు వ్యాన్ గేటు దగ్గర ఆపాడు. దయాకుమారి సూట్‌కేసు మెట్ల దగ్గర పెట్టి, తాళంచెవుల గుత్తి ఇవ్వడానికి లోపలికి వెళ్లింది. నడవలో సుహానా ఎదురొచ్చింది.

"ఖాలా, నీలం బకెట్ ఎక్కడ పెట్టినవ్?"

"మెట్ల కింద."

"జర రా."

బట్టలు ఉతికే గది తలుపు బార్లా తీసి ఉంది. లోపల అమ్మాయిలు గోడ పక్కన నిలబడ్డారు. రేచెల్ మధ్యలో ఉంది. కళ్లకు అప్పటికే గుడ్డ కట్టారు. నేల పొడిగా ఉంది. ఎవరో తుడిచారు, మూలల్లో వదిలేశారు.

సుహానా గుమ్మం బయట ఒక స్టూలు వేసింది. దయాకుమారి చేతికి తువ్వాలు ఇచ్చింది.

"ఎవరన్నా వస్తే చెప్పు, ఇది తలంటు అని."

దయాకుమారి వీపు గదివైపు పెట్టి కూర్చుంది. తువ్వాలు ఒళ్లో పెట్టుకుంది. మొదటి చెంబు నీళ్లు బకెట్‌లోకి జారిన చప్పుడు వినపడింది. ఆకు వాసన నడవలోకి వచ్చింది. రుద్దుతున్న చేతులు ఎవరివో చూడాలంటే తల తిప్పితే చాలు. తిప్పలేదు.

గేటు దగ్గర నాగబాబు హారన్ కొట్టాడు. కాసేపాగి మళ్లీ కొట్టాడు. లోపల ఇంకా పోస్తున్నారు. ఆమె తువ్వాలు మడత విప్పి, రెండు చేతుల మీదా పరుచుకుని, అలాగే కూర్చుంది.