సత్తిరాజు కుడికాలు

మలికిపురం చుట్టుపక్కల కొబ్బరిచెట్లు ఎక్కినవాళ్ళు వేలమంది ఉండవచ్చు. కాయలతోపాటు కబుర్లు కూడా దింపినవాడు సత్తిరాజు ఒక్కడే. అతను చెట్టు తలలో కూర్చుంటే రాజోలులో ఎవరింట పులస ఉడుకుతోందో, ఎవరు ఉత్త పచ్చిపులుసుతో సరిపెట్టుకున్నారో కనిపించేదట. గెల నరికి, అది నేలకు తగిలేలోపు తాను దిగి చేతులు చాచి పట్టుకున్న రోజులు కూడా ఉన్నాయట. అబద్ధమని కొట్టిపారేయకండి. ఆ పూట అక్కడే ఉన్నామని ఒట్టుపెట్టేవాళ్ళు ఊళ్ళో సగంమంది దొరుకుతారు.

మూడేళ్ళ కిందట తొలకరికి తడిసిన చెట్టు మీంచి ఒక గెల దిగింది, దాని వెనకే సత్తిరాజూ దిగాడు. ఆ ఒక్కసారీ గెలే ముందు నేలకు తగిలింది.

నడుము కింద ఒళ్ళు అతనిది కాకుండా పోయింది. పాదం మీద వేణ్ణీళ్ళు పడి బొబ్బలెక్కినా, భార్య రాజ్యం చూసి చెబితేగాని తెలిసేది కాదు. రాజ్యం కొబ్బరి కొట్టులో పనికి పోయేది. అతను మంచం మీద తన చేతుల్ని చూసుకుంటూ పడుండేవాడు. చెట్లను కౌగిలించుకుని కాయలు కాసిన చేతులవి. పడినప్పుడు వాటికి గీత కూడా పడలేదు. మిగిలింది అవే. అవి కూడా పోతే తనకూ నీళ్ళల్లో నానేసిన పీచుకూ తేడా లేదని అతనే అనేవాడు.

ఆ చేతుల్ని చూసే ఒక సంస్థవాళ్ళు అతనికి స్క్రోల్ సా ఇచ్చారు. కొబ్బరిచిప్పతో చెవిదుద్దులూ, తాళంచెవుల బిళ్ళలూ కోసే చిన్న రంపపు మిషను అది. నేర్పడానికి సౌజన్య అనే అమ్మాయి అమలాపురం నుంచి స్కూటీ మీద వచ్చేది. బ్లేడు కుట్టుమిషను సూదిలా కిందికీ పైకీ ఆడుతుందనీ, పళ్ళు కిందికే చూడాలనీ, వేలితో మీటితే తీగలా మోగేంత బిగించాలనీ చెప్పింది. చిప్ప గట్టిది కనక వేగం తగ్గించాలి. దుమ్ము ఊపిరితిత్తుల్లో కూర్చుంటుంది కనక ముక్కుకు గుడ్డ ఉండాలి. అన్నిటికన్నా పెద్ద తంటా చిప్ప వంపుతోనే. పలక చెక్కలా బల్లకు ఆనదు, దోనెలా ఊగుతుంది. అందుకని ముక్కను గాడి తీసిన చెక్కలో కూర్చోబెట్టి, పైనుంచి అదిమిపట్టే ఇనపకొక్కెం దించాకే కోయాలి. నడుమ రంధ్రంలోంచి బ్లేడు దూర్చేటప్పుడు మాత్రం ఆ కొక్కెం పైకెత్తక తప్పదు. అప్పుడు ప్లగ్గు పీకి పక్కన పెట్టుకోవాలి.

పెట్టెలో కాలితో తొక్కితే మిషను తిరిగి, వదిలితే ఆగే పెడలు కూడా ఒకటి ఉంది. సౌజన్య దాన్ని తిరిగి అట్టల్లోనే చుట్టేసింది.

"ఇది మీకొద్దండి సత్తిరాజుగారూ. స్విచ్చు చేతికందేలా పెట్టించేను కదా."

"ఆయ్," అన్నాడు సత్తిరాజు. స్కూటీ మలుపు తిరగ్గానే రాజ్యంచేత దాన్ని తీయించి, తగిలించి, కుడికాలి కింద పెట్టించుకున్నాడు. మిషను చూడ్డానికి వచ్చినవాళ్ళకు పూర్తి మిషను కనపడాలని. కోయాలనుకుంటే చేత్తో పాదాన్ని దాని మీదికి జరిపి, మోకాలు నొక్కేవాడు.

ఏడాదిపాటు బాగానే నడిచింది. అతను కోసిన గద్ద బిళ్ళను చూసి పెరట్లో కోడిపిల్లలు గంప కిందికి దూరాయని చెప్పుకునేదాకా వచ్చింది. కబుర్లు తిరిగొచ్చాయని రాజ్యం లోలోపల సంతోషించింది.

ఒకనాడు అతని రెండు చేతులూ ఒళ్ళో ఉండగా మిషను గుర్రుమంది. పాదం పెడలు తొక్కి వదిలింది.

"రాజ్యం, చూసేవా? అదే తొక్కింది."

"మీరు తొక్కమన్నారా?"

"అనలేదు. అనకుండానే తొక్కింది. ఇంకా మంచిది కదే."

రాజ్యం అతన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. వెన్ను దెబ్బతిన్నవాళ్ళకు కాళ్ళు వాటంతట అవే బిగుసుకుని అదురుతాయనీ, అది నడక వచ్చే గుర్తు కాదనీ ఆయన నెమ్మదిగా చెప్పాడు. డాక్టరుకు కొబ్బరిచెట్టు ఎక్కడం వచ్చా, కాళ్ళ సంగతి ఆయనకేం తెలుసని సత్తిరాజు దారంతా ఎకసెక్కమాడాడు. వచ్చే కాయల దింపుకు చెట్టు మీదే ఉంటానని వీధిలో అందరితో అన్నాడు. రాజ్యం పెడలు తీసేయబోతే అన్నం ముట్టలేదు. ఆమె ఊరుకుంది.

ఆనాటినుంచి అతను ప్లగ్గు పీకడం మానేశాడు. కాలు మళ్ళీ ఎప్పుడు లేస్తుందో ఎవరికి తెలుసు? లేచినప్పుడు మిషను పలకకపోతే, లేచిందని తెలిసేదెలా?

అది లేచినప్పుడు అతను కొక్కెం ఎత్తి, రంధ్రంలోంచి బ్లేడు పైకి దూర్చి బిగిస్తున్నాడు. ఎడమచేతి వేళ్ళు చిప్ప మీద ఉన్నాయి. అదిమిపట్టేది ఏదీ లేక చిప్ప బ్లేడుతోపాటు ఎగిరింది, వేళ్ళు వెళ్ళి పళ్ళకు తగిలాయి. కుడిచెయ్యి జానెడు చాపితే స్విచ్చు. చెయ్యి చాపలేదు. కాలి వంక చూస్తూ ఉండిపోయాడు. పాదం పెడలును తొక్కిపట్టే ఉంది. వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి ప్లగ్గు పీకింది రాజ్యం.

చూపుడువేలు రెండో కణుపు దాకా పోయింది. మధ్యవేలు ఉంది కాని వంగదు.

కబురు తెలిసి సౌజన్య వచ్చింది. మిషను తీసుకుపొమ్మన్నాడు సత్తిరాజు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిరిగొచ్చిన కబుర్లు మళ్ళీ పోయాయి. రాజ్యం గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మిషను ఉంచండమ్మా. తొక్కేది నేను తొక్కుతాను."

ఇప్పుడు కొట్టునుంచి వచ్చి, ఇంత తిని, అతని ఎదురుగా పీట వేసుకుని కూర్చుంటుంది. పెడలు ఆమె కాలి కింద. చిప్పను పట్టడానికే అతని రెండు చేతులూ చాలీచాలకుండా ఉన్నాయి, స్విచ్చుకు మూడో చెయ్యి లేదు. బ్లేడు మార్చేటప్పుడు ప్లగ్గు ఆమె ఒళ్ళో ఉంటుంది. గద్దలు కోయడం లేదు. గుండ్రటి బిళ్ళలే.

మొన్న పని మధ్యలో అతని కుడికాలు మళ్ళీ అదిరింది. మునుపు పెడలు ఉన్నచోట ఉత్త నేల మీద మడమ టకటకా కొట్టుకుంది. రాజ్యం పాదం ఎత్తేసింది. మిషను ఆగింది. సత్తిరాజు కిందికి చూడలేదు.

"ఆగిందా?" అన్నాడు కాసేపటికి.

"ఇంకా లేదండి."

ఇద్దరూ ఆ మడమ చప్పుడు వింటూ కూర్చున్నారు.

"ఇప్పుడు ఆగింది," అంది రాజ్యం.

"అయితే తొక్కు."