ఉపన్యాసాలు లేని నాటకాల పండుగ

కోస్గి పక్క పల్లెలో గొర్లు కాసే బీరన్న కూతురు ఉమారాణి. నాటకాల్లోకి ఆమెను తీసుకొచ్చింది ఒక పొట్టేలు.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు ఆమె మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదువుతోంది. అక్కడ నాటకాలు వేయించే రఘుపతి సారుకు నిజమైన పొట్టేలును రంగస్థలం ఎక్కించాలన్న కోరిక పుట్టింది. ఉమారాణి తండ్రినడిగి ఒకదాన్ని ట్రాలీ ఆటోలో తెచ్చింది. సరిగ్గా రాజు కొలువు తీరిన వేళ, అది ఆయన మెడలోని బంతిపూల దండను నమలసాగింది. రాజు మాటలు మరిచి బిక్కమొహం వేశాడు. తెర పక్కన తాడు పట్టుకుని నిలబడ్డ ఉమారాణి దర్జాగా లోపలికి నడిచి, “రాజా! నీ రాజ్యంల మేత లేక గిది నీ దండ తింటాంది” అంది. జనం ఈలలు వేశారు.

ఆట అయ్యాక సారు ఆమెను పిలిచాడు. “రేపు రిహార్సల్‌కు రా. పొట్టేలు మాత్రం వద్దు.”

ఆ తర్వాత ఆమె వేయని వేషం లేదు. ముసలమ్మ, పోలీసు, దయ్యం, అన్నీ వేసింది. వేషం లేనినాడు దుస్తులు కుట్టేది, లైట్లు సర్దేది, పెళ్లిళ్లు లేని రోజు చూసి ఫంక్షన్ హాలు సంపాదించేది. తాను నటించడం కన్నా పదిమందిని కూడగట్టి ఆట ఆడించడమే తనకు హుషారని మెల్లగా తెలిసొచ్చింది. హైదరాబాదులో ఒక కళాసంస్థలో చేరి ఆ పనే నేర్చుకుంది. కరోనా ఆ సంస్థను మూయించాక ఇల్లు చేరి, ఊరూరా తిరిగి పల్లె కళాకారులను కలుసుకుంది. ఆట లేక అందరూ దిగాలుగా ఉన్నారు. రోజులు కుదుటపడగానే కొల్లాపూర్‌లో నాటకాల పండుగ పెట్టాలనుకుంది.

భాగోతం మేళం పెద్ద ఎల్లస్వామిని రమ్మని అడిగితే ససేమిరా అన్నాడు.

“పోయినసారి పట్నంల పెద్దోళ్ల మాటలు అయ్యేదాక రంగేసుకొని కూసున్నం బిడ్డా. ఆఖరికి ఒక్క పాట పాడి దిగుండ్రి అన్నరు. మల్ల నేను రాను.”

“ఈసారి ఉపన్యాసాలే ఉండవ్ తాతా. కథంత ఆడుండ్రి. మైకు నా చేతిలనే ఉంటది.”

పండుగ నాడు మైదానం నిండింది. ఎల్లస్వామి వేదికెక్కే వేళకు ఒక నాయకుడి కారు వచ్చి ఆగింది. “సారు రెండు ముక్కలు మాట్లాడతడు” అన్నాడు వెంట వచ్చిన మనిషి. ఉమారాణి నేరుగా నాయకుడి దగ్గరికే వెళ్లి నమస్కారం పెట్టింది.

“సార్, తాత దేవుని వేషంల నిలబడ్డడు. దేవుణ్ని ఆగుమని నేను చెప్పలేను. మీరు చెప్తరా?”

కిరీటం, అద్దాల భుజకీర్తులు తళతళలాడుతుంటే ఎల్లస్వామి ఆయనవైపే గుడ్లురుముతున్నాడు. నాయకుడు పకపకా నవ్వి, “నాతోని గాదమ్మా, నడువనియ్యి!” అని ముందు వరుసలో కూర్చున్నాడు. మద్దెల మోగింది. కథ పూర్తయ్యేదాకా ఆయన లేవలేదు, ఎల్లస్వామి ఒక్క పాటా వదల్లేదు.

మహబూబ్‌నగర్‌లో ఇప్పుడు ఉమారాణికి కిరాయికి తీసుకున్న ఆఫీసుంది. ఎల్లస్వామి మేళానికి ఏటా ఆటలు కుదురుస్తోంది. మొన్న బీరన్న ఫోన్ చేశాడు.

“బిడ్డా, నీ నౌకరి ఏందని అడుగుతున్నరు. ఏం చెప్పాలె?”

“ఆటలు ఆడిపిస్తదని చెప్పు నాయినా.”

“గదొక నౌకరా?” అన్నాడాయన. వెంటనే, “ఈసారి మనూర్ల ఎప్పుడు ఆడిపిస్తవ్?” అని అడిగాడు.